పలకల సీమ మహజరు

పూర్వము మన గ్రామములలో ప్రభుత్వమునకు విన్నవించుకొనవలసిన పని పడినప్పుడు రెండు విధముల కాగితములు పుట్టెడివి. ఒక్కడు తన కష్టమును చెప్పుకొన్నచో అది అర్జీ. ఊరందరు కూడి, ఒక మాటపై నిలిచి, చేవ్రాళ్లు చేసి పంపినచో అది మహజరు. కరణము వ్రాసెడివాడు, పెద్దరైతు మొదటి సంతకము చేసెడివాడు, అక్షరము రానివారు వేలిముద్ర వేసెడివారు. అడిగిన కోరిక ఒక్కటే కావచ్చును. కాని అర్జీ అందుకొన్న అధికారి అడిగినవాని ముఖము చూచును. మహజరు అందుకొన్న అధికారి ఊరి ముఖము చూడవలసి వచ్చును. ఈ భేదము చిన్నది కాదు.

మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము, కనిగిరి ప్రాంతములను పశ్చిమ ప్రకాశమని పిలుచుట మనకు అలవాటు. ఈ సీమ నూరేండ్లకు పైగా తన కోరికలను ఎవరి నోట, ఏ విధముగా చెప్పుకొన్నదో ఈ ప్రసంగములో పరిశీలింపదలచితిమి. నీరు, రైలు, జిల్లా, రాతి పలకల వ్యాపారము: ఈ నాలుగింటి చుట్టును ఇక్కడి ప్రజాజీవితము తిరిగినది. ఈ నాలుగింటిలో అర్జీ ఏది, మహజరు ఏది అని తెలిసికొన్నచో, వర్తకుడు ప్రజానాయకుడగుట అనగా నేమో కూడ కొంత తెలియగలదు.

ముందుగా నేల సంగతి. పడమట నల్లమల, తూర్పున వెలిగొండలు, నడుమ ఎఱ్ఱనేలలు, రాతినేలలు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభము, మార్కాపురముల మీదుగా తూర్పు సముద్రమునకు పోవును. గిద్దలూరు వైపు నీరు సగిలేరులో పడి దక్షిణముగా పెన్నను చేరును. రెండును వానకాలపు నదులే. జొన్న, సజ్జ, కంది, ఆముదము, మిరప, పొగాకు ఇక్కడి పంటలు. బావులు త్రవ్వినచోట్ల పెక్కింటిలో ఫ్లోరైడు కలిసిన నీరు పడును. ఆ నీరు త్రాగినవారి పండ్లు గారపట్టును, ఎముకలు వంగును. కనుక ఈ సీమలో నీటిని గురించి మాటలాడుట పంటను గురించి మాత్రమే కాదు, దేహమును గురించి మాటలాడుట.

ఈ కష్టమునకు పూర్వులు చేసిన సమాధానము కంభము చెరువు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి చేసిన మహాతటాకమిది. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ దీనిని కట్టించెనని స్థానిక సంప్రదాయము. పదివేల ఎకరములకు పైబడి దీని క్రింద సాగునకు వచ్చినది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ నీటి కట్టడములలో చేర్చినది; అదే యేట కడపసీమలోని పోరుమామిళ్ల చెరువునకును, కర్నూలు–కడప కాలువకును ఆ గౌరవము దక్కినది. రాణి దయ వలన చెరువు వచ్చినదనుకొన్నను, అది అయిదువందల యేండ్లు నిలిచినది దయ వలన కాదు. ఏటేట కట్ట చూచుకొని, తూము సరిచేసికొని, వంతులవారీగా నీరు పంచుకొన్న ఊళ్ల కట్టుబాటు వలన నిలిచినది. దానమిచ్చువారు ఒకరైనను, దానిని నిలుపుకొనువారు పదుగురు కావలెనని ఈ సీమకు మొదటి పాఠము చెప్పినది ఆ చెరువే.

తరువాతి కాలమున ఈ సీమను పరిపాలించువారు మారిరి. 1800లో నిజాము ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసిన మండలములలో కంభము ప్రాంతము చేరినది. మొదట కడప జిల్లాలో నుండెను. 1858లో కర్నూలు జిల్లా రూపొందినప్పుడు కంభము, మార్కాపురము తాలూకాలను కడప నుండి తీసి అందులో కలిపిరి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా పుట్టినప్పుడు కర్నూలు నుండి మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములును, నెల్లూరు నుండి కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములును అందులోనికి వచ్చినవి. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులు పేరు పెట్టిరి. ఊరు కదలలేదు, కొండ కదలలేదు, జిల్లా మాత్రము కదలుచు వచ్చినది. అర్జీ పట్టుకొని పోవలసిన కచేరీ ఏ దిక్కున నున్నదో ప్రతి రెండుమూడు తరములకును క్రొత్తగా నేర్చుకొనవలసి వచ్చినది.

ఇక రైలు. 1876–78 నాటి మహాక్షామములో కర్నూలు జిల్లా పడిన బాధ ఇంతంత కాదు. ధాన్యమున్న చోటి నుండి లేని చోటికి చేర్చు మార్గము లేక జనము మడిసిరి. ఆ తరువాత కరవు సీమలకు రైలు వేయవలెనను నిశ్చయము ప్రభుత్వమునకు కలిగినది. 1880ల దశకములో బళ్లారి వైపు నుండి కృష్ణాతీరము దాక మీటరుగేజి మార్గము వేసిరి. నంద్యాల, గిద్దలూరుల నడుమ నల్లమలను దాటించుటకు సొరంగము తొలిచిరి, దొరబావి లోయపై ఎత్తయిన ఇనుప వంతెన నిలిపిరి. నూరేండ్లు పనిచేసి, మార్గము బ్రాడ్‌గేజికి మారినప్పుడు ఆ వంతెన విశ్రాంతి పొందినది.

ఈ మార్గము సీమకు చేసిన మేలు ఎన్నదగినదే. అయితే అది ఈ ఊళ్లవారు అడుగగా వచ్చినది కాదు. పటమును ముందు పెట్టుకొని ఇంజనీర్లు గీసిన గీత అది. గీత మార్కాపురము ఊరిలోనికి రాలేదు. స్టేషను ఊరికి దూరముగా నిలిచినది. దానికి ‘మార్కాపూర్ రోడ్’ అని పేరు పెట్టిరి. స్టేషను పేరు చివర ‘రోడ్’ అను మాట కనబడినప్పుడెల్ల, ఊరు ఒకచోట, రైలు ఒకచోట ఉన్నవని అర్థము. పైవారు మేలు తలపెట్టినను, క్రిందివారి మాట వినకుండ చేసిన మేలు గుమ్మము దాక వచ్చి ఆగిపోవునని ఆ ఒక్క మాట మనకు చెప్పుచున్నది.

ఇంతలో దేశమున వర్తకులు సంఘములుగా కూడుట మొదలైనది. మద్రాసులో 1836లోనే తెల్లదొరల వర్తక సంఘము వెలసినది. 1909లో దక్షిణ భారత వర్తక సంఘమును, 1928లో ఆంధ్ర వాణిజ్య మండలియు అదే నగరమున పుట్టినవి. ఆ కాలపు తెలుగు వర్తకులలో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్మరణీయులు. అమృతాంజనము అమ్మి ఆర్జించిన ధనముతో ఆంధ్రపత్రిక నడపిరి, గ్రంథమాల వెలయించిరి. వ్యాపారము ఆయనకు సాధనము. పలుకుబడి ఆయన తన కొరకు కూడబెట్టుకొన్నది కాదు, పదుగురి కొరకు ఖర్చు చేసినది.

ఆయన మద్రాసు గృహమగు శ్రీబాగులోనే 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుండి ఒడంబడిక వ్రాసికొనిరి. భోగరాజు పట్టాభిసీతారామయ్య, కొండా వెంకటప్పయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు మున్నగువారు అందు సంతకములు చేసిరి. ఆంధ్రరాష్ట్రము కొరకు కలిసి పోరాడుటకు ముందు, వెనుకబడిన సీమకు కలిగిన సంశయములు తీరవలెనని దాని యుద్దేశము. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటిని వాడుకొనుటలో పదియేండ్లు, లేక అవసరమైనంత కాలము, రాయలసీమకును నెల్లూరు జిల్లాకును ప్రాధాన్యమీయవలెనని అందులో ఒక ముఖ్యమైన మాట. రాజధానియో, హైకోర్టో సీమకు రావలెనని మరియొక మాట.

ఇచ్చట శ్రోతలు ఒక సంగతి గమనింపవలెను. నాడు మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోనివి. అనగా నేడు పశ్చిమ ప్రకాశమని మనము పిలుచుచున్న సీమ యావత్తును ఆ ఒడంబడిక నీడలోనే యుండెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలునకు వచ్చినది. ఆ మాట కొంతకాలము నెరవేరినది. నీటి మాట మాత్రము చట్టముగా మారలేదు. పెద్దమనుషుల నోటిమాట యెంత గొప్పదైనను, దానిని అమలుపరుచు యంత్రము లేనిచో కాగితముగనే మిగులును.

1970లో ఈ సీమ ఒంగోలు జిల్లాలో కలియుటతో మరియొక మార్పు వచ్చినది. లెక్కలలో ఇది కోస్తా అయినది. కోస్తా యనగానే మన కనులకు కాలువలు, వరిచేలు, రేవులు తోచును. గిద్దలూరు పొలములో నిలిచినవానికి సముద్రము నూరు కిలోమీటర్లకు పైబడి దూరము. కరవు మాత్రము కాలికిందనే యున్నది. 2014 రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ తరువాత వెనుకబడిన ప్రాంతములకు ప్రత్యేక సహాయమని ఏడు జిల్లాలను ఎన్నుకొన్నప్పుడు రాయలసీమ నాలుగు జిల్లాలును, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలును చేరినవి, ప్రకాశము చేరలేదు. కర్నూలులోనే యుండినచో మార్కాపురము చేరియుండెడిది. నేల అదే, వాన అదే. పేరు మారుటచేత వరుస తప్పినది. ప్రాంతము తరఫున మాటలాడువారికి పటములోని గీతలు, జాబితాలలోని పేర్లు ఎంత ముఖ్యములో ఇంతకంటె స్పష్టమగు ఉదాహరణము మాకు తెలియదు.

ఇప్పుడు పలకల సంగతికి వత్తము. ఒకప్పుడు తెలుగుదేశమున బడికి పోవు బిడ్డ చేతిలో పలక లేకుండ నుండెడిది కాదు. అక్షరాభ్యాసమునాడు బియ్యములో వ్రాసిన ఓనమాలు మరునాడు పలకమీదికి ఎక్కెడివి. ఆ పలకలలో అధికభాగము మార్కాపురము గనులనుండి వచ్చినవే. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతిపొరలకు కంభము పేరే పెట్టిరి; కడప మహాశిలాసముదాయములో నల్లమల వర్గమునకు చెందిన పొరలివి. అనంతకాలము క్రిందట నీటి అడుగున పేరుకొన్న సన్నని బురద, భూమి ఒత్తిడికి గట్టిపడి, పుస్తకములో పుటలవలె విడిపోవు రాయి అయినది.

గనిలో రాతిదిమ్మను పెకలించుట ఒక పని. ఉలి అంచును సరియైన పొరపై నిలిపి, దెబ్బ మోతాదు తప్పకుండ కొట్టి, రేకు విరుగకుండ విడదీయుట మరియొక పని. ఇది బలముతో జరుగునది కాదు. వేళ్లకు రాతి స్వభావము తెలిసియుండవలెను. తరువాత అంచులు కోయుట, ముఖము నునుపు చేయుట, కొయ్యచట్రము బిగించుట. ప్రతి దశలోను ఒక కుటుంబమునకు కూలి దొరకెడిది. వానలు లేని యేట పొలము విడిచిన రైతుకూలి గనికి పోయెడివాడు. ఈ విధముగా కరవు సీమకు రాయి రెండవ పంట అయినది.

ఈ వ్యాపారమునకు ప్రభుత్వముతో పడు పనులు అనేకములు. 1957 నాటి గనుల చట్టము ప్రకారము ప్రధాన ఖనిజములపై రాయల్టీ నిర్ణయించు అధికారము కేంద్రప్రభుత్వమునది. గనిలో రాయి తీయువాడు మార్కాపురములో నున్నను, టన్నుకు ఎంత చెల్లింపవలెనో ఢిల్లీలో నిర్ణయమగుచుండెను. 2015 ఫిబ్రవరిలో కేంద్రము 31 ఖనిజములను చిన్నతరహా ఖనిజములుగా ప్రకటించినప్పుడు పలకరాయియు అందులో చేరినది. నాటినుండి ఆ యధికారము రాష్ట్రమునకు వచ్చినది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు వ్రాతపలకకు పన్ను లేదనిరి. ఇంటి గోడకును నేలకును చెక్కిన రాతిపలకకు పన్ను వేసిరి. ఒకే గనిలోని రాయి, బిడ్డచేతికి పోయినచో ఒక లెక్క, మేడగోడకు పోయినచో మరియొక లెక్క. ఇట్టి సంగతులు తెలిసి, ఏ మాట ఏ కచేరీలో చెప్పవలెనో ఎరిగి, అంకెలతో చెప్పగలవారు లేనిచో చిన్న గనివాడు ఒంటరిగా నిలువలేడు. వర్తక సంఘముల అవసరము ఇచ్చటనే కనబడును.

వ్రాతపలకకు కాలము తీరుచు వచ్చినది. నోటుపుస్తకములు చవుకైనవి, విరుగని ప్లాస్టిక్ పలకలు వచ్చినవి. వర్తకులు తెలివిగా దారి మార్చుకొనిరి. ఇండ్ల కప్పులకు, గోడలకు, నేలకు పనికివచ్చు రాతిపలకలను విదేశములకు పంపుట నేర్చిరి. ఇది మెచ్చదగిన సాహసము. మార్కెటు పోయినదని కూర్చుండి విలపింపక, చేతిలోని రాతికే క్రొత్త పని కనిపెట్టిరి.

అయినను ఈ కథలో చెప్పక తప్పని రెండవ పుట యొకటి కలదు. రాయి కోసినచోట ధూళి లేచును. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తులలో చేరి గట్టిపడి, మనిషిని నెమ్మదిగా దగ్గుకు, ఆయాసమునకు లోబరచును. కూలి చాలని ఇండ్లలో పిల్లలును పనికి పోయిరి. 1986లో బాలకార్మిక నిషేధ చట్టము వచ్చినది. 1988లో కేంద్రప్రభుత్వము జాతీయ బాలకార్మిక పథకమును ప్రారంభించి, దేశములో కొన్ని చోట్లను మాత్రమే మొదట ఎన్నుకొన్నది: శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, అలీగఢ్ తాళములు, మొరాదాబాదు ఇత్తడి, మందసౌరు పలకలు. ఆ జాబితాలోనే మార్కాపురము పలకలును ఉన్నవి. దేశమంతటి బిడ్డలకు అక్షరము దిద్దుటకు పలకనిచ్చిన ఊరు, తన బిడ్డలు కొందరు ఆ పలకపై వ్రాయక, పలకను చేయుచున్నారని రాజధానిలో పేరు పొందినది. ఇది వర్తకులొక్కరి తప్పు కాదు. వానలు రాని ఆకాశమునకును, చాలని కూలికిని, రాని బడికిని ఇందులో భాగమున్నది. కాని ఊరి పేరు చెప్పి అడుగువారు ఊరి యీ పుటను దాచి అడుగలేరు.

మందసౌరు మధ్యప్రదేశములోనిది; అక్కడ పలకపై వ్రాయు బలపములు కోయు పని. ధూళివ్యాధి వలన అక్కడి పనివారు పడిన బాధను వైద్యులు పరిశోధించి లోకమునకు తెలిపిరి. 1982లో ఆ రాష్ట్ర శాసనసభ బలపముల పనివారి సంక్షేమనిధికి ప్రత్యేకముగా చట్టము చేసినది. పరిశ్రమ నిలిచినంతకాలము, అందు పనిచేయువారి వైద్యమునకును కుటుంబ పోషణకును ఆ పరిశ్రమయే కొంత వేరుగా తీసిపెట్టవలెనను సూత్రము అందులో నున్నది. రాయల్టీ తగ్గింపుడని అడుగుట న్యాయమైన కోరికయే. దానితోడనే, తగ్గినదానిలో ఇంత భాగము గని కూలికి ఇత్తుమని అదే కాగితములో వ్రాసినచో, ఆ అర్జీ మహజరు కాగలదు.

ఇట్టి కూడిక అసాధ్యము కాదని ఇదే సీమలోని పొగాకు తెలుపుచున్నది. పొదిలి, కనిగిరి నేలలలో పొగాకు పండును. చాలకాలము ధర నిర్ణయించుట కొనువాని చేతిలోనే యుండెను. ఎంత తూచినదియు, ఏ తరగతి యన్నదియు అతడు చెప్పినదే మాట. 1975లో చట్టము వచ్చి, 1976 జనవరి 1న గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డు ఏర్పడినది. అందు పండించువారి ప్రతినిధులును, వర్తకులును, ఎగుమతిదారులును, ప్రభుత్వాధికారులును ఒకే బల్లచుట్టు కూర్చుండవలెను. 1985 నుండి ఆంధ్రదేశమున వేలములు బోర్డు సమక్షమున జరుగసాగినవి. ధరలపై తగవులు నేటికిని తీరలేదు. పొగాకును గురించిన ఇతర ప్రశ్నలు వేరుగ నున్నవి. అయినను రైతు తన బేళ్ల యెదుట నిలిచి, పది మంది యెదుట ధర పలుకుట వినగల్గుచున్నాడు. నిరాకరించు హక్కు అతనికి కలదు. పలకరాతికి ఇట్టి బల్ల ఏర్పడలేదు. గనివాడు, ఎగుమతిదారు, ఉలి పట్టినవాడు మూడు వాకిళ్లలో మూడు అర్జీలు పట్టుకొని నిలిచిరి.

ఈ సీమ నిజముగా మహజరు వ్రాసినది నీటి విషయములో. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. దాని కుడికాలువ దర్శి, అద్దంకి ప్రాంతములను తడిపినది. మార్కాపురము, గిద్దలూరు మెట్టలకు అందలేదు. 1963లో శ్రీశైలము పనికి నెహ్రూ శంకుస్థాపన చేసెను. శ్రీశైలమునకు పోవు బాటకు దోర్నాల వాకిలి. అనగా ఈ సీమవారి కొండకు ఆవలి ప్రక్కన కృష్ణమ్మ సముద్రమువలె నిలిచినది. ఈవలి ప్రక్క బిందె పట్టుకొని స్త్రీలు మైళ్లు నడచిరి. కొండను తొలిచి ఆ నీటిని ఇటు తేవలెనను కోరిక పుట్టుటలో ఆశ్చర్యమేమున్నది?

ఆ కోరికకు నోరైన వారిలో కమ్యూనిస్టు నాయకుడు, శాసనసభ్యుడు పూల సుబ్బయ్య ముఖ్యులు. ఆయన వర్తకుడు కాడు, ధనవంతుల ప్రతినిధియు కాడు. అయినను ఆయన ఎత్తుకొన్న మాటను వేరు వేరు పార్టీలవారు తమ మాటగా చెప్పవలసి వచ్చినది. ఎందుకనగా అందు రైతు, కూలి, అంగడివాడు, ఇల్లాలు అందరి దప్పికయు నున్నది. 1996 మార్చి 5న వెలిగొండ ప్రాజెక్టునకు శంకుస్థాపన జరిగినది. తరువాత దానికి పూల సుబ్బయ్య పేరే పెట్టిరి. శ్రీశైలము జలాశయమునుండి నల్లమల క్రిందుగా సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగములు. వెలిగొండలలో సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల కనుమలను కట్టలతో మూసి చేసిన నల్లమలసాగరము. ప్రకాశము, నెల్లూరు, కడప ప్రాంతములలో 4,47,300 ఎకరములకు సాగునీరు, 30 మండలములలో 15 లక్షలమందికి త్రాగునీరు: ఇది సంకల్పము. మొదటి సొరంగము 2021లోను, రెండవది 2024 జనవరిలోను తొలిచి ముగించిరి. 2024 మార్చి 6న ప్రాజెక్టును జాతికి అంకితము చేసిరి. నాటికిని ముంపు గ్రామములవారి పునరావాసమును, కాలువల పనియు పూర్తి కాలేదు.

శంకుస్థాపననాడు పుట్టిన బిడ్డకు సొరంగము ముగియునాటికి ఇరువదియేడేండ్లు నిండినవి. ఇంతకాలము ఒక కోరికను చల్లారనీయకుండ నిలుపుట ఒక్క నాయకునికి సాధ్యము కాదు. ప్రభుత్వములు మారినవి, గుత్తేదారులు మారిరి, యంత్రములు కొండలో చిక్కుకొని నిలిచినవి. నిలువనిది ఊళ్లవారి అడుగుట. అయితే మహజరులో మొదటి వరుసన నుండవలసిన చేవ్రాళ్లు ముంపు గ్రామములవారివి. ఇతరుల పొలమునకు నీరు వచ్చుటకై తమ యింటిని ఇచ్చువారు వారు. వారికి ఇండ్లు, పొలములు, పరిహారము చేరక మునుపు జలాశయము నిండినచో సీమ దప్పిక తీరినను ఋణము తీరదు.

జిల్లా కోరికయు ఇట్లే పెరిగినది. ఒంగోలు దూరమని, ఒక సంతకమునకు ఒక దినము, ఒక కూలి పోవుచున్నవని ప్రజలు చెప్పుచు వచ్చిరి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రమున జిల్లాల సంఖ్య 26 అయినప్పుడు చీరాల, అద్దంకి బాపట్లలోనికి, కందుకూరు నెల్లూరులోనికి పోయినవి. మార్కాపురమునకు జిల్లా రాలేదు. కోరిక ఆగలేదు. వర్తకులు అంగళ్లు మూసిరి, న్యాయవాదులు, విద్యార్థులు, ఉద్యోగులు దీక్షలలో కూర్చుండిరి. 2025 చివర మార్కాపురము కేంద్రముగా జిల్లా ఏర్పరుపవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. ఇకమీదట ‘దూరపు కచేరీ’ అను మాట చెప్పుటకు వీలులేదు. కచేరీ దగ్గరకు వచ్చిన కొలది, దానిని నడిపింపగల పౌరులు తయారుగా నుండవలసిన బాధ్యత కూడ దగ్గరకు వచ్చును.

ఆ తయారీని గురించి ఒకటి రెండు మాటలు మనవి చేసి ముగింతుము. ప్రజానాయకత్వము వేదికపై పుట్టునది కాదు. 1959లో మన రాష్ట్రమున పంచాయతీరాజ్యము మొదలైనది. 1993లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగ సవరణలు పంచాయతీలలోను పురపాలక సంఘములలోను స్త్రీలకు మూడవవంతు స్థానములకు తక్కువ కాకుండ చూపినవి. చెరువు కట్ట లెక్క చదువగల వార్డు సభ్యురాలు, రాయల్టీ ఉత్తర్వును పనివానికి వివరింపగల సంఘ కార్యదర్శి, ప్రతి యేట జమాఖర్చులను పదిమంది యెదుట పెట్టు వర్తక సంఘాధ్యక్షుడు: నాయకులనగా వీరే. గట్టిగా పలుకుట చేత పలుకుబడి రాదు. తాము పలుకుచున్నది ఎవరి తరఫుననో వారిని ముందుగా అడిగి పలికినచో వచ్చును.

ఈ సీమ వర్తకులకు తెలివి కలదు. వ్రాతపలక పోయినప్పుడు గోడపలక కనిపెట్టిన తెలివి అది. ఈ సీమ ప్రజలకు ఓర్పు కలదు. కొండ తొలుచువరకు అడిగిన ఓర్పు అది. కొరవడినది ఈ రెండింటిని ఒకే కాగితముపైకి తెచ్చుట. క్రొత్త జిల్లా కచేరీకి పలకరాతి పరిశ్రమ తరఫున రేపు ఒక విన్నపము పోవును. అందు గని యజమాని సంతకము ఉండుననుటలో సందేహము లేదు. ఉలి పట్టినవాని సంతకమును, చట్రము బిగించు స్త్రీ సంతకమును, ధూళిచేత మంచమెక్కినవాని వేలిముద్రయు అందే ఉండునా లేదా అనునదే చూడవలసియున్నది. ఉన్ననాడు దానిని ఏ అధికారియు బల్లసొరుగులో పెట్టి మరువజాలడు.